బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా కోర్: తెర సంగీతం రాసేవారికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

సినిమాకైనా, టెలివిజన్ ధారావాహికకైనా నేపథ్య సంగీతం చేసేవారికి ఇవాళ వాద్యబృందం కన్నా ముందు కంప్యూటరే ఎదురవుతుంది. ఎడిటింగ్ పూర్తయిన సన్నివేశం చేతికి వచ్చిన రోజుకూ, ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) అప్పగించవలసిన రోజుకూ మధ్య ఉండే కొద్ది వ్యవధిలో, రాసిన ప్రతి బిట్టునూ నిండు ఆర్కెస్ట్రాతో వాయించి చూసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. దర్శకుడు మాత్రం అది చివరికి ఎలా వినిపిస్తుందో ముందే తెలుసుకోవాలనుకుంటారు. అది న్యాయమైన కోరికే. ఈ అవసరం తీర్చడానికి పుట్టినవే శాంపిల్ లైబ్రరీలు. నిజమైన వాద్యకారుల చేత ఒక్కొక్క స్వరాన్ని వేరువేరు తీవ్రతల్లో, వేరువేరు పద్ధతుల్లో వాయింపజేసి రికార్డు చేసి, కీబోర్డు మీట నొక్కగానే ఆ ధ్వని పలికేలా వీటిని అమరుస్తారు. లండన్‌కు చెందిన స్పిట్‌ఫైర్ ఆడియో సంస్థ 2019లో విడుదల చేసిన బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీని, అందులోనూ ముఖ్యంగా 2020లో వచ్చిన కోర్ అనే మధ్య స్థాయి సంచికను, తెలుగు తెరకు సంగీతం రాసే వ్యక్తిగా ఇక్కడ సమీక్షిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆర్కెస్ట్రాకు రాయడం నేర్పే పనిముట్టుగా ఇది చాలా గొప్పది. మన రాగాన్ని పలికించే గొంతుగా మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా 1930లో ఏడ్రియన్ బోల్ట్ సారథ్యంలో ఏర్పడిన బృందం. ఈ లైబ్రరీ కోసం ఆ బృందాన్ని లండన్‌లోని మైడా వేల్ స్టూడియోల్లో, వారు దశాబ్దాలుగా వాయిస్తూ వచ్చిన పెద్ద గదిలోనే రికార్డు చేశారు. మొదట 1909లో రోలర్ స్కేటింగ్ కోసం కట్టిన ఆ భవనాన్ని బీబీసీ 1930లలో తన స్టూడియోలుగా మార్చుకుంది. 2023లో దాన్ని కొనుగోలు చేసినవారిలో సినీ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ కూడా ఒకరు. మొత్తం 99 మంది వాద్యకారులు. స్ట్రింగ్స్ విభాగంలో మొదటి వయొలిన్లు 16, రెండవ వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బేస్‌లు 8. ఈ అంకెలను ప్రచార పత్రంలో వివరాల్లా దాటేయకూడదు. ఈ లైబ్రరీ విలువంతా వాటి చుట్టూనే ఉంది.

ఎందుకో వివరిస్తాను. పాతకాలపు లైబ్రరీలతో పనిచేసినవారికి ఒక ఇబ్బంది బాగా తెలుసు. ఫ్లూట్ ఒక సంస్థ నుంచి, హార్న్‌లు మరొక సంస్థ నుంచి, స్ట్రింగ్స్ ఇంకొక చోట నుంచి తెచ్చుకుంటే, ప్రతి వాద్యమూ తనంతట తాను ఘనంగానే ఉంటుంది. అన్నీ కలిపితే ఏ గదిలోనూ ఎన్నడూ కలిసి కూర్చోనటువంటి ఒక బృందం తయారవుతుంది. కింది స్థాయిలో (ఆక్టేవ్‌లో) పలికే ఫ్లూట్‌ను ఫేడర్ (మిక్సర్‌లో శబ్దం పెంచే మీట) పెంచి పదహారు వయొలిన్ల మీద వినిపించవచ్చు. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. అదే స్వరలిపిని రేపు నిజమైన బృందం ముందు పెడితే ఆ ఫ్లూట్ ఎవరికీ వినపడదు. ఆర్కెస్ట్రేషన్ పాఠాల్లో ఒక పాత సూత్రం ఉంది: గట్టిగా వాయించేటప్పుడు ఒక ట్రంపెట్ బలానికి రెండు హార్న్‌లు కావాలి, ఒక హార్న్ బలానికి ఫ్లూట్, ఓబో, క్లారినెట్ వంటి వుడ్‌విండ్ వాద్యాలు రెండు కావాలి. ఈ సూత్రాన్ని పుస్తకంలో చదవడం వేరు, చెవికి పట్టడం వేరు. బీబీసీ లైబ్రరీలో ప్రతి వాద్యాన్నీ అది బృందంలో కూర్చునే స్థానంలోనే, అదే గదిలో, అవే మైకులతో రికార్డు చేశారు కాబట్టి, ఫేడర్లను ముట్టుకోకుండా రాసుకుపోతే ఆ నిష్పత్తులు చాలావరకు సహజంగానే వినిపిస్తాయి. హార్న్‌లు నిండు బలంతో పలుకుతుండగా కింది స్థాయి ఫ్లూట్‌కు ఒక ముఖ్యమైన స్వరపంక్తి ఇచ్చి చూడండి, అది మునిగిపోతుంది. అదే పంక్తిని ఒక స్థాయి పైకి జరిపితే తేలుతుంది. సంగీత కళాశాలకు వెళ్లే అవకాశం లేక, కీబోర్డు ప్రోగ్రామర్‌గా మొదలై, వింటూ నేర్చుకునే మన యువ సంగీతకారులకు ఇంత నిజాయితీగా తప్పొప్పులు చూపించే గురువు ఇంట్లోనే దొరకడం సామాన్యమైన విషయం కాదు.

ఈ ఒక్క గుణం కోసమే నేను ఫేడర్లను తాకకుండా రాయడాన్ని నియమంగా సూచిస్తాను. కనీసం మొదటి ముసాయిదా వరకు, శబ్దం పెరగాలంటే వాద్యాల సంఖ్య పెంచాలి, లేదా స్థాయి మార్చాలి, లేదా వాయింపు తీవ్రత పెంచాలి. మిక్సర్ జోలికి పోకూడదు. ఇళయరాజా వంటివారు ఆర్.ఆర్. సందర్భంలో కాగితం మీద స్వరలిపి రాసి నేరుగా వాద్యకారుల ముందు పెట్టగలిగారంటే, ఆ నిష్పత్తులు వారి మనసులో ముందే స్థిరపడి ఉండడమే కారణం. ఆ స్థాయికి ఎవరూ సాఫ్ట్‌వేర్ కొనుక్కుని చేరలేరు గాని, దారి అటువైపే ఉందని మాత్రం ఈ లైబ్రరీ చెవికి చెబుతుంది.

రెండవ ముఖ్య విషయం డైనమిక్స్, ఎక్స్‌ప్రెషన్ అనే రెండు స్లైడర్లు. కొత్తగా మొదలుపెట్టినవారు ఈ రెండూ ఒకటేనని పొరబడతారు. ఎక్స్‌ప్రెషన్ కేవలం ధ్వని పరిమాణాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. డైనమిక్స్ మాత్రం వాద్యకారుడు విల్లును ఎంత బలంగా లాగాడన్నదాన్ని మారుస్తుంది. మెత్తగా వాయించి రికార్డు చేసిన ధ్వని నుంచి గట్టిగా వాయించి రికార్డు చేసిన ధ్వనికి మెల్లగా తీసుకెళ్తుంది. కాబట్టి నాదం రంగే మారుతుంది. కీబోర్డూ కంప్యూటరూ మాట్లాడుకునే మిడి భాషలో ఎక్స్‌ప్రెషన్ 11వ నంబరు కంట్రోలర్, డైనమిక్స్ 1వ నంబరు; రెండింటికీ విలువలు 0 నుంచి 127 వరకు. ఉదాహరణకు అప్పగింతల సన్నివేశాన్ని తీసుకుందాం. కూతురు తండ్రి చేతుల్లోంచి చేయి విడిపించుకుని కారు వైపు నడుస్తున్నప్పుడు, చెల్లోలు మెల్లగా ఎదిగి, ఆమె వెనుదిరిగి చూసే చోట ఒక్కసారి తగ్గాలనుకోండి. ఆ ఎదుగుదలను ఎక్స్‌ప్రెషన్‌తో మాత్రమే గీస్తే, మెత్తగా వాయించిన చెల్లోను ఎవరో రేడియోలో వాల్యూమ్ పెంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది, దుఃఖం కదలదు. డైనమిక్స్‌తో గీస్తే నాదంలోకి జీర, గరుకుదనం క్రమంగా చేరి, వాయించేవారి ఊపిరి అందులో ఉన్నట్టు అనిపిస్తుంది. ప్రతి దీర్ఘ స్వరానికీ ఒక చిన్న ఎత్తు, ఒక చిన్న పల్లం గీయాలి. నిజమైన వాద్యకారుడు ఏ స్వరాన్నీ చదునుగా పట్టుకోడు. స్వరాలను మౌస్‌తో పరిచి, ఒకే విలువ దగ్గర వదిలేసి, లైబ్రరీ బాగోలేదనేవారి మాట నేను ఒప్పుకోను. ఈ పని కీబోర్డు మీద స్వరాలు వాయించేదానికి రెండింతల సమయం తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా.

వాయింపు పద్ధతుల్లో కోర్‌కూ, దాని కింది సంచిక డిస్కవర్‌కూ అసలు తేడా ఉంది. డిస్కవర్‌లో స్ట్రింగ్స్‌కు దీర్ఘ స్వరాలు, స్పికాటో (విల్లును ఎగరేస్తూ వాయించే పొట్టి స్వరాలు), పిజికాటో (తీగను వేలితో మీటడం), ట్రెమొలో (విల్లును వేగంగా వణికించడం) ఉన్నాయి. వుడ్‌విండ్స్‌కూ, ట్రంపెట్, హార్న్ వంటి బ్రాస్‌కూ దీర్ఘ స్వరాలు, అతి పొట్టి స్వరాలు మాత్రమే ఉన్నాయి. కోర్‌లో లెగాటో చేరుతుంది. అంటే ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లేటప్పుడు విల్లు ఎత్తకుండా, లేదా ఊపిరి విడవకుండా వాయించిన సంధిని కూడా రికార్డు చేసి ఉంచారు. దీనితోపాటు సార్డినో (నాదాన్ని మెత్తబరిచే బిళ్ల) వేసిన స్ట్రింగ్స్, ట్రిల్స్ (రెండు పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడం) వంటివెన్నో అదనంగా వస్తాయి. సన్నివేశం కింద వినీ వినిపించకుండా నడిచే సంగీతానికి సార్డినో వేసిన వయొలిన్ల మెత్తదనం ఎంత ఉపయోగమో, రహస్యం బయటపడబోయే ముందు వయోలాల ట్రెమొలో ఎంత ఉపయోగమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

ఇక కాలం సంగతి. తెర సంగీతంలో స్వరం అందంగా ఉంటే చాలదు, సరైన ఫ్రేము మీద పడాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టెలివిజన్ 25. ఒక సన్నివేశంలో సంగీతం మొదలైన 37.5 సెకన్లకు తలుపు తెరుచుకుంటుందనుకోండి. టెంపో నిమిషానికి 90 తాళాలు (బీట్లు) అయితే ఆ క్షణానికి 56 తాళాలు దాటి మరో పావు తాళం గడిచి ఉంటుంది. నాలుగు తాళాలకు ఒక బార్ చొప్పున లెక్కేస్తే 15వ బార్ తొలి దెబ్బ తలుపు కన్నా నాలుగు ఫ్రేములు ముందే పడిపోతుంది. టెంపోను 96కు మారిస్తే సరిగ్గా 60 తాళాలు పూర్తయి, 16వ బార్ తొలి దెబ్బ తలుపు మీదే పడుతుంది. సన్నివేశం చూసి ఇలా లెక్క కట్టుకోవడం పాతకాలం నుంచి ఉన్న పనే. ఇప్పుడు క్యూబేస్, లాజిక్, రీపర్ వంటి సంగీత సాఫ్ట్‌వేర్లు ఆ లెక్కను తామే చేసిపెడతాయి. అయితే శాంపిల్ లైబ్రరీతో మరో చిక్కు ఉంది. నిజమైన వాద్యకారులు దీర్ఘ స్వరాన్ని మెత్తగా ఎత్తుకుంటారు కాబట్టి, రికార్డు చేసిన స్వరం కూడా మీట నొక్కిన కొంతసేపటికి గాని నిండుగా వినపడదు. లెగాటోలో ఈ ఆలస్యం ఎక్కువ, స్పికాటోలో తక్కువ. సెకనులో పదో వంతు ఆలస్యమంటే సినిమాలో రెండున్నర ఫ్రేములకు దగ్గర. కనురెప్ప మీద పడాల్సిన స్వరం రెప్ప వాలాక పడుతుందన్నమాట. కాబట్టి ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క ట్రాకు పెట్టుకుని, దీర్ఘ స్వరాల ట్రాకులను కొంత ముందుగా మొదలయ్యేలా జరిపి ఉంచుకోవాలి. ఎంత జరపాలో చెవితో, తాళం కొట్టే ఒక క్లిక్ ట్రాక్ పక్కన పెట్టి తేల్చుకోవాలి. ఇది ఈ ఒక్క లైబ్రరీ లక్షణం కాదు, ఈ జాతి మొత్తానిది. కొనేముందు తెలుసుకుని ఉండడం మంచిది.

సంభాషణ కింద ఎలా వినిపిస్తుందన్నది తెలుగు తెరకు మరీ ముఖ్యం, ఎందుకంటే మన కథలు మాట మీద నడుస్తాయి. మాటలోని హల్లుల స్పష్టత ఎక్కువగా 1,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. ఓబో గొంతు కూడా ప్రస్ఫుటంగా ఆ పరిధిలోనే మెరుస్తుంది. అందుకే మాటల సన్నివేశంలో ఓబోకు స్వరపంక్తి ఇస్తే, మిక్సింగ్ ఇంజనీరు మొట్టమొదట తగ్గించేది దాన్నే. మైడా వేల్ గది ఇక్కడ మనకు మేలు చేస్తుంది. స్పిట్‌ఫైర్ సంస్థ ఇతర లైబ్రరీలు అనేకం రికార్డు చేసిన ఎయిర్ స్టూడియోస్ లిండ్‌హర్స్ట్ హాలు ఒకప్పటి చర్చి. దాని ప్రతిధ్వని చాలాసేపు మిగులుతుంది, ఒంటరిగా వింటే మహా గంభీరంగా ఉంటుంది. మైడా వేల్ గది అంతకన్నా పొడిగా ఉంటుంది. స్వరం ఆగిన వెంటనే చోటు ఖాళీ అవుతుంది కాబట్టి మాటకు అడ్డం రాదు. తొలిసారి విన్నప్పుడు కొందరికి ఇది నిరాడంబరంగా తోచవచ్చు. నాకు మాత్రం ఇదే దీని ఉత్తమ గుణాల్లో ఒకటి. పైన వయొలిన్లు ఎత్తున, కింద బేస్‌లు లోతున ఉంచి, నడిమి భాగాన్ని నటుల గొంతుకు వదిలిపెట్టే అమరికలు ఇందులో ఎంతో తేటగా కుదురుతాయి.

ఇప్పుడు తెలుగు సంగీతకారులకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ లైబ్రరీకి గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. రికార్డు చేసినవారు పాశ్చాత్య సింఫనీ వాద్యకారులు, వారి లెగాటో ఒక స్థిర స్వరం నుంచి మరో స్థిర స్వరానికి సాగే ప్రయాణం. మన సంగీతంలో అనేక స్వరాలకు స్థిరమైన చోటే ఉండదు. తోడిలో గాంధారాన్ని కీబోర్డు మీద ఒక మీటగా నొక్కితే అది తోడి గాంధారం కాదు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగే కదలికే దాని స్వరూపం. శహన, బేగడ వంటి రాగాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ స్వరాలను వరుసగా నొక్కుకుంటూ పోతే రాగం అస్థిపంజరంగా మిగులుతుంది. మరోవైపు మోహన, హంసధ్వని వంటి రాగాలు స్వరాలు కాస్త నిలకడగా పలికినా తమ ముఖాన్ని పోగొట్టుకోవు. కీరవాణి, నటభైరవి స్వరస్థానాలు పాశ్చాత్య మైనర్ స్కేళ్లతో సరిపోతాయి. మన సినిమా నేపథ్య సంగీతంలో స్ట్రింగ్స్ బృందానికి కీరవాణి ఛాయలు అంతగా అలవాటు కావడానికి ఈ పొత్తు ఒక కారణమని నేను నమ్ముతాను. కాబట్టి ఈ లైబ్రరీతో ఏ రాగంలో రాయవచ్చు అన్నది రుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, నైపుణ్యానికి సంబంధించిన ప్రశ్న.

దారి ఏమిటంటే, రాగరేఖను ప్రాణమున్న వాద్యకారునికి అప్పగించి, దాని కింది నేలను లైబ్రరీతో వేయడం. హైదరాబాదులోనూ, చెన్నైలోనూ ఒక వయొలిన్ విద్వాంసుణ్ణో, వేణువు వాయించేవారినో ఒక పూట పిలిపించుకోవడం చిన్న నిర్మాణాలకు కూడా అసాధ్యం కాదు. ఆ ఒక్క గొంతు వచ్చి చేరగానే కింద ఉన్న అరవై మంది శాంపిల్ స్ట్రింగ్స్ కూడా ప్రాణం పోసుకుంటాయి. వినేవారి చెవి ముందున్న జీవస్వరాన్ని పట్టుకుని వెనుక ఉన్నదాన్ని కూడా నమ్ముతుంది. అయితే కింద ఏం పరుస్తామన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. తోడి గాంధారాన్ని వయొలిన్ ఊపుతున్నప్పుడు, కింద వయోలాలు అదే గాంధారాన్ని నిశ్చలంగా పట్టుకుంటే రెండూ ఒరుసుకుని అపశ్రుతిగా వినిపిస్తాయి. అలాంటి చోట కింద షడ్జపంచమాలు మాత్రమే బేస్‌లకు, చెల్లోలకు ఇచ్చి, కార్డ్‌లోని (కలిపి పలికే స్వరాల గుంపులోని) మూడవ స్వరాన్ని, అంటే ఆ గాంధారాన్ని, వదిలిపెట్టాలి. నడిమి వాద్యాలకు కదలిక కావాలంటే ఊగని స్వరాల మీదే ఆ కదలిక నడపాలి. హార్మనీ పాఠం మూడవ స్వరాన్ని వదలవద్దంటుంది, రాగం వదలమంటుంది. తెలుగు సన్నివేశానికి రాస్తున్నప్పుడు నేను రాగం మాటే వింటాను.

ఇక్కడే కోర్ సంచికకున్న పెద్ద పరిమితి బయటపడుతుంది. పూర్తి సంచిక అయిన ప్రొఫెషనల్‌లో 20 మైకు సంకేతాలు ఉన్నాయి: దగ్గరి మైకులు, పైనుంచి వేలాడేవి, దూరపువి, పక్క విభాగాల్లో ఉన్న మైకుల్లోకి చేరిన ధ్వనిని పట్టేవి. కోర్‌లో ఉన్నది ఇంజనీరు జేక్ జాక్సన్ సిద్ధం చేసిన ఒకే మిశ్రమం. ఆ మిశ్రమం చక్కగా ఉంది, సందేహం లేదు. కానీ గది అందులో కలిసిపోయి ఉంది, విడదీయలేం. చిన్న డబ్బింగ్ బూత్‌లో రికార్డు చేసిన మన వయొలిన్‌ను ఈ స్ట్రింగ్స్ ముందు నిలబెడితే, అది వేరే ఇంట్లోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. దగ్గరి మైకులు ఉంటే స్ట్రింగ్స్‌ను కాస్త ముందుకు లాగి ఆ దూరాన్ని తగ్గించవచ్చు. కోర్‌తో అయితే వయొలిన్‌నే వెనక్కి పంపాలి: మధ్యస్థమైన హాలు ప్రతిధ్వనిని పోలిన రివర్బ్‌ను దానికి వేసి, పై పౌనఃపున్యాలను కొంచెం తగ్గించి, విడిగా విన్నప్పుడు చాలనిపించిన దానికన్నా ఒక పాలు ఎక్కువ రివర్బ్ ఉంచాలి. కుదురుతుంది, కానీ ఓపిక కావాలి.

బ్రాస్, పర్కషన్ విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. హార్న్‌లు మెత్తని, నడిమి తీవ్రతల్లో చాలా అందంగా, గౌరవంగా పలుకుతాయి. కథానాయకుడి ప్రవేశానికి మన ప్రేక్షకులకు అలవాటైన ఉరుములాంటి బ్రాస్ కావాలంటే మాత్రం ఇది ఆ స్వభావం కలది కాదు. ఇది కచేరీ ఆర్కెస్ట్రా, ట్రైలర్ ఆర్కెస్ట్రా కాదు. టింపనీ, హార్ప్, సెలెస్టా మచ్చ లేనివి. డప్పు, డోలు, మృదంగం ఎలాగూ మనం వేరుగా సమకూర్చుకోవలసినవే, వాటిని నిజమైన కళాకారులతోనే చేయించుకోవాలి.

టెలివిజన్‌కు పనిచేసేవారి అవసరం కొంత వేరు. రోజువారీ ధారావాహికలో ప్రతి ఎపిసోడ్‌నూ చూసి కొత్తగా సంగీతం రాయడం సాధ్యం కాదు కాబట్టి, మొదట్లోనే దుఃఖానికి, అనుమానానికి, ఆప్యాయతకు, అత్తగారి ఆగ్రహానికి అంటూ బిట్ల నిధి ఒకటి తయారుచేసి ఇస్తారు. ఎడిటింగ్ గదిలో వాటిని సన్నివేశానికి తగినట్టు కత్తిరించి అతుకుతారు. ఇలాంటి పనిలో సంగీతకారుడు తన బిట్టు ఎక్కడ కోయబడుతుందో ముందుగా తెలియకుండానే రాయాలి. అందుకని ప్రతి నాలుగైదు బార్లకు ఒక సహజమైన విరామం ఉంచడం, ఒకే బిట్టును స్ట్రింగ్స్ మాత్రమే, స్ట్రింగ్స్‌తో వుడ్‌విండ్స్, మొత్తం బృందం అంటూ వేరువేరు పొరలుగా అప్పగించడం అవసరం. బీబీసీ లైబ్రరీలో వాద్యాలన్నీ ఒకే గదివి కాబట్టి ఈ పొరలను ఎలా కలిపినా, ఎలా విడదీసినా అతుకు కనపడదు. ప్రతిధ్వని తక్కువ కాబట్టి కోసిన చోట తోక మిగిలి పక్క బిట్టు మీద పడదు. ఈ పనికి డిస్కవర్ కూడా చాలావరకు సరిపోతుందని నా అభిప్రాయం. టీవీ స్పీకర్లలోంచి వినేవారికి డిస్కవర్ దీర్ఘ స్వరానికీ కోర్ దీర్ఘ స్వరానికీ ఉన్న తేడా అంతగా చేరదు. లెగాటో లేని లోటు మాత్రం ఒంటరి స్వరపంక్తుల్లో తెలుస్తుంది.

పోటీలో ఉన్నవాటిని ఒక్క మాటలో చెప్పాలంటే, బెర్లిన్‌లోని టెల్‌డెక్స్ స్టూడియోలో రికార్డు చేసిన ఆర్కెస్ట్రల్ టూల్స్ వారి లైబ్రరీలు వివరాల్లో మరింత సూక్ష్మంగా ఉంటాయి. ఈస్ట్‌వెస్ట్ వారి హాలీవుడ్ ఆర్కెస్ట్రా బలమైన, తెర నిండే నాదానికి పేరుపడింది, నెలవారీ చందాతోనూ దొరుకుతుంది. మసాలా దట్టించిన వాణిజ్య చిత్రాల ఆర్.ఆర్. ప్రధాన వృత్తిగా ఉన్నవారు ముందు రెండవదాన్ని విని చూడడం మంచిది. కుటుంబ కథలు, డాక్యుమెంటరీలు, చారిత్రక ఇతివృత్తాలు, నెమ్మదిగా నడిచే నాటకీయత మీద పనిచేసేవారికి బీబీసీ తగినది.

కంప్యూటర్ విషయానికొస్తే, డిస్కవర్ కేవలం 200 మెగాబైట్ల పరిమాణంలో ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌లోనైనా ఇమిడిపోతుంది. కోర్‌కు దాదాపు 25 గిగాబైట్లు, ప్రొఫెషనల్‌కు 500 గిగాబైట్ల పైమాటే కావాలి. కోర్‌తో నిండు ఆర్కెస్ట్రాను తెరిచి పెట్టుకోవాలంటే 16 గిగాబైట్ల ర్యామ్, వేగమైన ఎస్‌ఎస్‌డీ అవసరమని భావించాలి. దీనికి శాంపిళ్లను నడిపే కాంటాక్ట్ వంటి వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు, సొంత ప్లగిన్‌లోనే నడుస్తుంది. ప్లగిన్ ముఖం నిర్మలంగా ఉంటుంది: పైన చెప్పిన రెండు స్లైడర్లు, పక్కన ఒక పెద్ద నాబ్, కింద వాయింపు పద్ధతుల బొమ్మలు. కొన్న లైసెన్సుతో చేసిన సంగీతాన్ని వాణిజ్య చిత్రాల్లో వాడుకున్నందుకు మళ్లీ రుసుము కట్టనవసరం లేదు. శాంపిళ్లను విడిగా మరొకరికి ఇవ్వడం, అమ్మడం మాత్రం నిషిద్ధం. 2025లో స్పిట్‌ఫైర్ సంస్థను స్ప్లైస్ అనే సంగీత శాంపిళ్ల సంస్థ కొనుగోలు చేసింది.

విడుదలైనప్పుడు ప్రొఫెషనల్ ధర 999 డాలర్లు. కోర్ ధర అందులో సగానికన్నా తక్కువ. మన రూపాయల్లో చూస్తే కోర్ కూడా చిన్న మొత్తం కాదు, ఒక షార్ట్ ఫిలిం సంగీతానికి వచ్చే పారితోషికాన్ని అదొక్కటే మింగేయగలదు. ఏటా నవంబరు చివర రాయితీలు ఉంటాయి, విద్యార్థులకు ప్రత్యేక తగ్గింపు కూడా ఉంది. అప్పటిదాకా ఆగడం వివేకం. ఈలోగా డిస్కవర్‌తో మొదలుపెట్టండి. మూడు సంచికల వాద్యాలకూ పేర్లు, అమరిక ఒకేలా ఉన్నాయి కాబట్టి డిస్కవర్‌లో రాసిన బిట్టును తర్వాత కోర్‌లోకి, ప్రొఫెషనల్‌లోకి మార్చుకోవచ్చు, చేసిన పని వృథా పోదు. స్ట్రింగ్స్, ఒక్క క్లారినెట్ మాత్రమే వాడి రెండు నిమిషాల సన్నివేశం ఒకటి పూర్తిగా రాయండి; డైనమిక్స్ ప్రతి స్వరానికీ చేతితో గీయండి. అది పూర్తయ్యేసరికి స్వరానికీ స్వరానికీ మధ్య సంధి దొరకక మీ చేయి ఆగిపోతుంటే కోర్ కొనవలసిన సమయం వచ్చినట్టే. ప్రొఫెషనల్ జోలికి వెళ్లవలసింది థియేటర్‌కు చుట్టూ ఉన్న స్పీకర్ల నుంచి వినిపించే 5.1 లేదా అట్మాస్ మిక్సింగ్ ఇచ్చేవారు, లేదా పైన చెప్పినట్టు మన విద్వాంసులను శాంపిల్ స్ట్రింగ్స్ మధ్య కూర్చోబెట్టి తరచుగా పనిచేసేవారు మాత్రమే. దూరపు మైకులను వెనుక స్పీకర్లకు, దగ్గరి మైకులను ముందుకు పంపే వీలు ఆ సంచికలో తప్ప దొరకదు.